మేళమోళ్ల పుస్తకాలు

ఆదివారం పొద్దున్నే త్రినాథరావు సంచీడు కవళ్ల చేపలు తెచ్చి వంటింటి గుమ్మంలో పడేశాడు. ఈశ్వరి కత్తిపీట ముందు కూలబడింది. వారానికున్న ఒక్క సెలవూ పొలుసు గీకడంతోనే సరి. మిగతా రోజులు గాజువాక నుంచి మధురవాడ ఆఫీసుకి బస్సులో నిలబడి పోవడం, నిలబడి రావడం. మొగుడుగారు స్టీలు ప్లాంటులో షిఫ్టు దిగితే మంచమెక్కుతాడు, ఆమె షిఫ్టు దిగితే వంటింట్లోకి దిగుతుంది. ఇదెక్కడి న్యాయమని ఎవర్ని అడుగుతుంది?

ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్నది అలమారలో ఒక్క అర, దాన్నిండా పుస్తకాలు. అన్నీ ఒకే బ్యాండు గురించి. ఎప్పుడో నలభై ఏళ్ల కిందట ఇంగ్లండులో ఓ రేవు పట్నంలో నలుగురు ఆడపిల్లలు గిటార్లూ డ్రమ్సూ వాయిస్తూ పాడడానికి పెట్టుకున్న పోస్ట్ పంక్ బ్యాండు, పేరు కోల్డ్ వార్ఫ్. ఆఫీసులో హేమశ్రీ ఓసారి ఇయర్‌ఫోన్ ఇచ్చి వినిపించింది. ఆ గొంతులో తీపన్నది లేదు. పాడుతున్నట్టు కాదు, వీధిలో నిలబడి ఎవర్నో కడిగేస్తున్నట్టుంది. ఈశ్వరికి ఒళ్లు జలదరించింది. ఇంట్లో వినే యోగం మాత్రం లేదు. చెవులు మూసుకుంటే అత్తగారి పిలుపు వినబడదు, కుక్కరు కూత వినబడదు, ఆ తర్వాత తిట్లు మాత్రం శుభ్రంగా వినబడతాయి. పుస్తకమైతే పిలవగానే బోర్లా పెట్టి లేవొచ్చు. అందుకే వినాల్సిన పాటల్ని చదువుకుంది. ఫొటోల పుస్తకాలు, పాత ఇంటర్వ్యూల పుస్తకాలు, డ్రమ్స్ వాయించినామె రాసుకున్న జీవితం, ఒక్కొక్కటే ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకుంది.

"బ్యాండంటే పెళ్లి మేళమే కదేటి. మేళమోళ్ల మీద పుస్తకాలేటే, పిచ్చి గాని పట్టిందేటి?" అని అత్తగారు నారాయణమ్మ వీధంతా చెప్పి నవ్వింది. త్రినాథరావుకి ఆ మాట చేతికందిన కర్రయింది. "ఎదురు సెప్పావంటే నీకే బ్యాండు వాయించేత్తాను" అనేవాడు. అన్నంత పనీ చేసేవాడు.

"అత్తా, పేగులు పారెయ్యడానికి పాత కాయితమేదైనా ఇయ్యి" అంది ఈశ్వరి.

నారాయణమ్మ రెండు కాగితాలు తెచ్చి పరిచింది. ఈశ్వరి పేగులూ తలకాయలూ వాటిమీద పోసింది. మడవబోతుంటే నెత్తురు కింద నుంచి ఓ కన్ను ఆమెని చూసింది. ఆ బ్యాండులో పాట పాడే పిల్ల కన్ను.

"ఇదెక్కడిది?"

"నీ మేళమోళ్లదే. దళసరిగా ఉంది, కారదని సింపాను."

"అది నాది అత్తా. నన్నడగాల."

హాల్లో టీవీ ఆగింది. "మాయమ్మ మీదేటి, నోరు లేత్తంది?" అంటూ వచ్చి త్రినాథరావు చెంప పగలగొట్టాడు. చెవి గింగుర్లెత్తింది. అంతటితో ఆగితే వాడు త్రినాథరావెందుకవుతాడు? అలమార అర మొత్తం ఊడ్చి తెచ్చి, అట్టలు విరిచి, గుప్పిళ్లతో చింపి ఆమె నెత్తిన పోశాడు. "కాయితాలకి ఏడుత్తావేటి? ఇయిగో, ఏడు."

డ్రమ్స్ ఆమె పుస్తకం ఒక్కటే మిగిలింది. దాన్ని పట్టుకుని ఈశ్వరికెదురుగా గొంతుక్కూర్చున్నాడు. అట్టని కత్తిపీట అంచుకి ఆనించాడు.

"దీన్ని నువ్వే కొయ్యి. సేపని కోసినట్టు కొయ్యి."

ఈశ్వరికి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇన్నేళ్లూ మింగిందంతా ఒక్కసారి గొంతుదాకా వచ్చింది. పీటని కాలితో తొక్కిపెట్టి, పుస్తకాన్ని వదిలేసి, అతని మణికట్టు పట్టుకుని కత్తి మీదికి లాగింది. పట్టు జారలేదు. అతను పెట్టిన కేకకి నారాయణమ్మ గోడకి అతుక్కుపోయింది. మనిషి నెత్తురు చేప నెత్తురుతో కలిసి చిరిగిన కాగితాల మీదికి పారింది.

సందు చివరి నర్సింగ్ హోమ్‌లో కుట్లేస్తూ డాక్టరమ్మ అడిగింది, ఎలా తెగిందని. పెళ్లాం కోసిందని ఏ మొగాడు చెప్పుకుంటాడు?

"సేపలు కోత్తంటే తెగిందండి" అన్నాడు త్రినాథరావు.

"అవునమ్మా, నాను అక్కడే ఉన్నాను" అంది నారాయణమ్మ.

డాక్టరమ్మ ఈశ్వరి వాచిన చెంప వైపు చూసింది. ఈశ్వరి బెంచీ మీంచి లేచి వచ్చింది.

"ఆయన బతుకులో ఎన్నడూ సేప కొయ్యలేదండి. నానే కోసాను, కావాలనే. పోయినేడు నా సెయ్యి ఇరిగినప్పుడు మీకే సెప్పాను, బాత్రూంలో జారిపడ్డానని. అదీ అబద్ధమే. రెండూ రాసుకోండి."