సుధీర్ ఎగరేసిన నక్షత్రం

ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టి, ఈ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినండి. చేతులకి పని ఉన్నా చెవులు ఖాళీయే కదా.

ఇది కొలకలూరు సుజన కథ. కథ ఆమెదే అయినా మొగుడి సంగతి ముందు చెప్పాలి. ఆ ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా ముందుగా అడ్డం వచ్చేది ఆయనే.

సుధీర్ తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ మాస్టారు. అశోకుడి పాఠం చెప్పమంటే చెట్లు నాటించాడు, బావులు తవ్వించాడు అని రెండు ముక్కలు చెప్పి, "ఆయనకే గనక ఒక రాకెట్టు ఉండి ఉంటే..." అని అందుకుని, గంట కొట్టేదాకా కిందికి దిగడు. ఇంట్లోనూ అంతే. అన్నం ముందు కూర్చున్నాక పైన విమానం చప్పుడు వినపడితే చాలు, ఎంగిలి చేత్తోనే ఫోను తీసి, "దోహా నుంచి సింగపూరు. ముప్పై ఆరు వేల అడుగులు," అంటాడు. దోహాలో ఆయనకెవరూ లేరు. సింగపూరులోనూ లేరు. ఇంతా చేసి ఒక్కసారైనా విమానం ఎక్కాడా అంటే అదీ లేదు. సెలవు దొరికితే గన్నవరం వెళ్ళి, విమానాశ్రయం గోడ బయట నిలబడి, దిగే విమానాలకి చెయ్యి ఊపి వస్తాడు.

శ్రీహరికోటలో రాకెట్టు లేస్తుందంటే బాపట్ల వెళ్ళి సూర్యలంక ఒడ్డున కాపు కాస్తాడు. పెళ్ళైన కొత్తలో సుజననీ తీసుకెళ్ళాడు. చీకటి పడుతుండగా "అదిగో, అదిగో!" అని నీళ్ళ మీద దూరంగా ఒక వెలుగు చూపించి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. కాసేపటికి ఆ వెలుగు ఒడ్డుకొచ్చి చేపలు దించింది.

ఆయనకొక కుక్క ఉంది. వెనకటికి అంతరిక్షంలోకి వెళ్ళిన కుక్క పేరని దానికి లైకా అని పెట్టాడు. వెళ్ళింది ఆడది, ఇది మగది. అడిగితే, "పైన ఆడా మగా తేడా లేదు," అంటాడు. ఈ లైకా మాత్రం పప్పు కుక్కరు కూత వేస్తే మంచం కిందికి దూరి, మాంసం ముక్క చూపించినా బయటికి రాదు.

అభిప్రాయాలకు లోటు లేదు. సీలింగు ఫ్యాను రెక్కల వంపు తప్పట. ఆటో ముందుభాగం గాలిని చీల్చకుండా దానితో కుస్తీ పడుతోందట. ఇడ్లీ పాత్రలో ఆవిరంతా ఊరికే పోతోంది, దాన్ని ఒక వైపుకి మళ్ళిస్తే...

"మళ్ళించకండి," అనేది సుజన.

ఒకసారి అట్టగొట్టంతో రాకెట్టు చేసి డాబా మీంచి వదిలాడు. అది పైకి వెళ్ళాల్సింది పక్కకి వెళ్ళి, ఎదురింటి డాబా మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాల మీద మసి కక్కుకుంటూ దిగింది. ఆ వడియాలు మాణిక్యాంబ గారివి. మాణిక్యాంబ గారంటే గుడిలో స్త్రీల సమాజానికి పెద్ద. సుజన కష్టం అక్కడ మొదలైంది.

వాళ్ళ లూథరన్ గుడిలో ఒక ఆనవాయితీ ఉంది. క్రిస్మసుకి ముందు ఆగమన కాలం వస్తుంది కదా, దాని మొదటి ఆదివారం పొద్దుగుంకే వేళకి గుడి ముందు గడకి నక్షత్రం ఎక్కిస్తారు. అది పైకి వెళ్ళాకే ఇళ్ళ మీద నక్షత్రాలు వెలిగిస్తారు, పాటలవాళ్ళు వీధిలోకి కదులుతారు. గుడి నక్షత్రం కట్టే వంతు ఏటా ఒక ఇంటిది. సుజన రేపల్లె పిల్ల. పుట్టింట్లో వాళ్ళమ్మ అన్నమ్మ పక్కన కూర్చుని వెదురు బద్దలు వంచుతూ, రంగు కాగితాలు అంటిస్తూ పెరిగింది. కొలకలూరు కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ వంతు అడుగుతూనే ఉంది. మాణిక్యాంబ గారు ఇవ్వదే!

"కట్టేది నువ్వేనమ్మాయ్, నాకు తెలుసు. తర్వాత దాని మీద చెయ్యేసేది మీ ఆయన. వద్దులే తల్లీ," అనేది ఆవిడ.

మొన్నటి యేడు ఏ కళనుందో ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు. సమాజం ఆడవాళ్ళందరి ముందూ, "ఆదివారం పొద్దుగుంకేసరికి మన గడ మీద నక్షత్రం లేకపోతే, మళ్ళీ ఈ వంతు ఊసు నా దగ్గర ఎత్తకూడదు," అంది. సుజన సరేనంది. అన్నమ్మ రేపల్లె నుంచి మంచి వెదురు బద్దలు ఏరి పంపించింది.

ఒక రోజు సుజన సంతకెళ్ళి వచ్చేసరికి ఆ బద్దలన్నీ పెరట్లో నాలుగు కాళ్ళ మంచెలా నిలబడి ఉన్నాయి.

"ఏంటండీ ఇది?"

"ప్రయోగ వేదిక," అన్నాడు సుధీర్.

"నా నక్షత్రం బద్దలండీ అవి!"

"గడా, కాగితమూ, గమ్మూ! ఏ కాలంలో ఉన్నావు సుజనా? నక్షత్రం ఎక్కడుంటుంది? గడ మీదా, ఆకాశంలోనా? నేను ఆకాశంలోనే నిలబెడతా. అక్కణ్ణుంచి తెనాలి దాకా కనపడుతుంది చూడు."

పుట్టినరోజులకి బెలూన్లు కట్టేవాళ్ళ దగ్గర గ్యాసు తెచ్చాడు. వెండి రంగు పలచటి షీటు కత్తిరించి, మంచమంత నక్షత్రం గీశాడు. లోపల బ్యాటరీ దీపాలు. బద్దలు ఎలాగూ పోయాయి, ఇంకేం చేస్తుంది? సుజన మిషను ముందు కూర్చుని, అతుకులు ఊడకుండా తన పాత ఎర్రంచు చీర అంచు చింపి చుట్టూ కుట్టింది. ఒక్కటే అడిగింది: "బట్టలారేసే తాడు కట్టండి. లావుగా ఉంటుంది."

"బరువు!" అని చెవులు మూసుకున్నాడు సుధీర్. "పైకి వెళ్ళేదానికి బరువు కడతారా ఎవరైనా?" అని గాలిపటం దారం కన్నా కాస్త లావు నైలాన్ దారం ఒకటి కట్టాడు.

శనివారం సాయంత్రం అందరి ముందూ ఎగరేసి చూపించాడు. పది నుంచి వెనక్కి లెక్కపెట్టి మరీ వదిలాడు. నిజం చెప్పాలి కదా, బాగుంది. గుడి పెంకుల మీంచి లేచి, ఎండలో తళతళలాడుతూ నిలబడితే వీధంతా చప్పట్లు కొట్టింది. మాణిక్యాంబ గారు కూడా నోరు తెరుచుకుని చూసింది. సుజనకి గుండె నిండింది.

అంతలో గాలి విసిరింది. దారం పెంకు అంచుకి ఒరుసుకుని తెగింది. నక్షత్రం ఒక్కసారి తల ఆడించి, నైరుతి మూలకి బయల్దేరింది.

"ఎంత నిలకడగా పోతోందో చూశావా!" అన్నాడు సుధీర్ చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని.

"పోతోందండీ!"

"అదే చెప్తున్నా. వంకర లేకుండా పోతోంది."

ఆ సంగతి విని అన్నమ్మ ఫోన్లో ఒక్కటే అంది: "నిన్నెప్పుడు వదుల్తాడే గాల్లోకి?"

ఆదివారం ఆరాధన అయ్యేసరికి ఎవరి ఫోనుకో వీడియో వచ్చింది. బాపట్ల దాటాక సముద్రం దారిలో ఒక పల్లె. అక్కడా చిన్న గుడి ఉంది. రాత్రంతా తిరిగి తిరిగి గ్యాసు తగ్గిన నక్షత్రం ఆ గుడి గడ కొసన చిక్కుకుని, దీపాలు ఆరకుండా, ఎవరో కావాలని కట్టినట్టు నిలబడి ఉంది. కింద జనం మోకాళ్ళ మీద ఉన్నారు. సుజన ఎర్రంచు గుర్తుపట్టింది.

"పొద్దు ఇంకా ఉందిలే అమ్మాయ్," అంది మాణిక్యాంబ గారు. ఆ గొంతులో జాలి పాలెంతో, సంబరం పాలెంతో చెప్పలేం.

మొగుడూ పెళ్ళాలు తెనాలిలో రైలెక్కారు. బాపట్ల వచ్చేదాకా సుధీర్ గాలి వేగమూ, దిశా పైకి వల్లిస్తూనే ఉన్నాడు. "సైన్సు ప్రకారం విడమరిచి చెప్తే వాళ్ళే ఇచ్చేస్తారు, చూడు," అన్నాడు.

పల్లెకి వెళ్ళేసరికి డప్పులు మోగుతున్నాయి. సంఘపెద్ద ఎదురొచ్చాడు.

"ఎటు నుంచి బాబూ?"

"కొలకలూరండి. అంటే ఇక్కడికి ఈశాన్యం. ఈ కాలంలో గాలి అటు నుంచే..."

"ఈశాన్యమంటే తూర్పేగా?"

"ఈశాన్యం అంటే ఈశాన్యమేనండి."

"అందులో తూర్పు కలిసిందా లేదా?"

"కలిసింది."

"దేనికోసం వచ్చారు?"

"ఆ నక్షత్రం కోసం."

ఏసు పుట్టినప్పుడు తూర్పు నుంచి జ్ఞానులు నక్షత్రం వెంట కానుకలతో వచ్చారని బైబిల్లో ఉంది కదా. ఇంకేముంది! "తూర్పు నుంచి నక్షత్రాన్ని వెతుక్కుంటూ జ్ఞానులొచ్చారు!" అని కేక పడింది. డప్పులు ఊపందుకున్నాయి. ఎవరో బంతిపూల దండ తెచ్చి సుధీర్ మెడలో వేశారు, ఇంకెవరో శాలువా కప్పారు.

ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు గాలి లెక్క తీస్తాడు అని సుజన చూస్తోంది. సుధీర్ నోరు తెరిచాడు. శాలువా తడిమి చూసుకున్నాడు. నోరు మూసుకున్నాడు. పెళ్ళినాడు సుజన దండ వేస్తున్నప్పుడు కూడా ఆ మెడ అంత వినయంగా వంగలేదు. కొలకలూరులో ఇన్నేళ్ళలో ఆయన్ని జ్ఞాని అన్నవాళ్ళు లేరు. మైకు ఇచ్చారు. తీసుకున్నాడు. ఇంకేం సైన్సు!

"నక్షత్రాలకీ మానవుడికీ ఉన్న సంబంధం..." అని మొదలైంది.

సుజన గుడి వసారాలోకి వెళ్ళి కూలబడింది. తాటిచెట్ల నీడలు పొడుగవుతున్నాయి. ఇక్కడే పొద్దుగుంకితే కొలకలూరులో ఆమె మాట పోయినట్టే. పక్కనే ముసలావిడ ఒకతె, వరమ్మ, అతిథుల కోసం టీ గ్లాసులు తొలుస్తోంది.

"ఏంటమ్మా, మొగుడికి దండ పడితే మొహం అట్టా పెట్టావు?"

సుజన దాచలేకపోయింది. "మామ్మా, అది దేవుడు పంపింది కాదు. మా ఆయన ఎగరేశాడు, దారం తెగింది. అంచు నేను కుట్టాను."

వరమ్మ నవ్వింది. "పొద్దున్నే కనపడిందమ్మా కుట్టు. పైన దేవదూతలు మిషను పెట్టుకున్నారా ఏంటి? మాకు కళ్ళు లేవా?"

"మరి ఇదంతా?"

"ఎగరేసింది మీ ఆయన. ఇన్ని ఊళ్ళు వదిలేసి మా గడ మీద నిలబెట్టింది మీ ఆయనా? అంత మొనగాడే అయితే మళ్ళీ ఎగరేసి మళ్ళీ ఇక్కడే దించమను, చూస్తాం. పోనీలే, పాపం సంబరపడుతున్నాడు. ఆ మాటలు మా ఇళ్ళల్లో చెప్తే ఎవరు వింటారు?"

సుజనకి ఏడుపొస్తోందో నవ్వొస్తోందో తెలియలేదు. అప్పుడు చూసింది, వసారా మూల గోడకి ఆనించిన నక్షత్రాన్ని. వెదురు బద్దలు, ఎర్ర కాగితం, పసుప్పచ్చ తోక. పైన గడ మీద చోటు లేక ఈ యేడు పని పోయిన ఆ పల్లె నక్షత్రం.

"మామ్మా, జ్ఞానులు కానుకలు ఇచ్చే వెళ్ళాలి కదా. మా నక్షత్రం మీకు కానుక. దించమని అడగను. మీ నక్షత్రం నాకిస్తావా?"

వరమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "మా కోడళ్ళు వారం కూర్చుని కట్టారు. గడ ఎక్కకపోతే అలిగేట్టున్నారు. తీసుకుపో తల్లీ, ఏదో ఒక గడ ఎక్కించు."

సుజన మైకు దగ్గరికి వెళ్ళి, "ఏవండీ, బండి టైమైంది," అంది.

సుధీర్ మైకుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒక్క నిమిషం. ఇంకా చంద్రుడి దాకా కూడా రాలేదు."

సుజన నక్షత్రాన్ని భుజానికెత్తుకుని ఆటో ఎక్కింది.

ప్యాసింజరు కిటకిటలాడుతోంది. తలుపు దగ్గర నక్షత్రాన్ని గుండెకి ఆనించుకుని నిలబడింది. "జాగ్రత్తమ్మా, ఆ కొస నా కంట్లోకొస్తోంది," అని ఒకాయన విసుక్కుంటూనే ఆ కొస పట్టుకున్నాడు. జనం తోపులాటలో కాగితం ఒక చోట చిరిగింది. సీట్లో కూర్చున్న ఒకావిడ టిఫిన్ డబ్బా తీసి, నాలుగు అన్నం మెతుకులు నలిపి, వేరుశెనక్కాయల పొట్లం కాగితం చింపి, తనే అతికించింది. కిటికీలోంచి సూర్యుడు పొలాల మీదికి వాలుతూ రైలుతో పందెం వేస్తున్నాడు. ఆగిన ప్రతి స్టేషన్లోనూ సుజన ప్రాణం ఆగింది.

కొలకలూరు గుడి ముందు ఆటో దిగేసరికి ఎర్రటి పొద్దు ఇంకా కాస్త మిగిలి ఉంది. జనమంతా గడ చుట్టూ ఉన్నారు.

"మీ ఆయనేడి?" అంది మాణిక్యాంబ గారు.

"బాపట్లలో జ్ఞాని అయ్యారండి. రేపటికి తగ్గిపోద్ది."

"ఇది నువ్వు కట్టిందేనా?"

అబద్ధం ఆడితే ఎవరికీ తెలియదు. సుజన ఆడలేదు. "కాదండి. నేను కుట్టింది వాళ్ళ గడ మీద ఉంది. ఇది వాళ్ళు కట్టింది. వాళ్ళు నా కుట్టు గుర్తుపట్టి కూడా దాన్ని కాదనలేదు. మీరు దీన్ని కాదంటే, వంతు వదులుకుంటాను. నక్షత్రాన్ని మాత్రం ఎక్కించండి, వరమ్మకి మాటిచ్చాను."

మాణిక్యాంబ గారు ఆ చిరుగు మీది వేరుశెనగల కాగితాన్ని వేలితో తడిమింది. పొద్దు వైపు చూసింది. చూసి గడ తాడు ఒక కొస తను పట్టుకుని, రెండో కొస సుజన చేతిలో పెట్టింది.

"లాగవే, చూస్తావేంటి? పొద్దుగుంకుతోంది!"

మర్నాడు సుధీర్ శాలువాతో దిగాడు. "గుంటూరు జిల్లా నుంచి బాపట్ల జిల్లాకి తొలి ప్రయోగం విజయవంతం," అని స్కూల్లో పాఠం ఆపి చెప్పుకున్నాడు. మాణిక్యాంబ గారు మాత్రం మళ్ళీ యేడు వంతు కూడా సుజనకే రాసిచ్చింది.

ఇది గుర్తుపెట్టుకోండి, నలుగురికీ చెప్పండి. ఎందుకంటే ఆయన కూడా ఈ కథ ఊరూరా చెప్తున్నాడు. ఆయన చెప్పే కథలో సుజన రైలు టికెట్లు తీయడానికి తప్ప ఇంక దేనికీ రాదు. మీరు చెప్పేటప్పుడు రైల్లో ఆ నక్షత్రాన్ని గుండెకి ఆనించుకుని నిలబడ్డది ఎవరో, ఆ పేరు ముందు చెప్పండి.