గిన్నెకు మార్కుల్లేవు

నేను ఒక గీతను. వీడియో గేమ్ తెర పైభాగాన మెరిసే కీర్తి గీతను. ఆ శనివారం సాయంత్రం మొట్టమొదటిసారి చివరంటా పచ్చగా నిండాను. వెంటనే తెర మీద కబురు వెలిగింది: "నువ్వు మంచి మనిషివని ఊరంతా ఒప్పుకుంది. నీకోసం కోట తలుపులు తెరుస్తున్నాం."

"ఏవండోయ్, మనం మంచోళ్ళమంట!" అంటూ మేదిని సోఫా మీదే గంతేసింది. పక్కనున్న సుచరణ్ ఆమె ఒళ్ళోని పకోడీల పళ్ళేన్ని కాపాడాడు. గాజువాకలో కొత్తగా కాపురం పెట్టిన జంట వాళ్ళు. ఆ కోట లోపల ఏముందో చూడాలని పెళ్ళికి ముందు నుంచీ అతని కోరిక.

నన్ను హైదరాబాదులో ఒక ఆఫీసులో పుట్టించారు. దానం చేస్తే ఎంత పెరగాలో, దొంగతనం చేస్తే ఎంత తగ్గాలో టీలు చల్లారేదాకా వాదించుకుని నాకు ధర్మం నేర్పారు. ఆ వాదించినవాళ్ళే ఫ్రిజ్‌లో ఒకరి పెరుగు డబ్బా ఒకరు ఖాళీ చేసేవారు. తరవాత డిస్కులోకెక్కి చాలా చేతులు మారాను. ఒకడు బిచ్చగాడికి కాసు వేసి నన్ను పెంచుకుని, ఆ వెంటనే అతని జోలె కొట్టేసేవాడు. ఇంకొకాయన ఫోన్లో "చిత్తం సార్" అంటూనే తెర మీద ఊళ్ళు తగలబెట్టేవాడు. చివరికి పాత సామాన్ల కొట్టు నుంచి ఈ ఇంటికి చేరాను.

కోటకు బయల్దేరబోతూ మేదిని ఆగిపోయింది. ఆటలో ఆమె మనిషికి జ్వరం వచ్చినప్పుడు కుమ్మరి అవ్వ గంజి పోసిచ్చిన మట్టి గిన్నె ఇంకా సంచిలోనే ఉంది.

"ఇది ఇచ్చేసి వెళ్దామండి."

"ఎవరడిగారు తల్లీ?"

"అడగాలేటి? గిన్నె మనదా? ఖాళీగా ఇస్తే మా అమ్మ చంపేస్తాది. కాస్త తేనె పోసి ఇద్దాం."

అవ్వ ఇంట్లో లేదు. మేదిని తలుపు తోసుకుని వెళ్ళి, తేనె గిన్నెను పొయ్యి పక్కన పెట్టింది. యజమాని లేని ఇంట్లో అడుగుపెట్టినవాడు దొంగ అని నాకు నేర్పారు. నేను జరజరా దిగిపోయి ఎర్రబడ్డాను. కాపలావాళ్ళు "దొంగ! దొంగ!" అని అరిచారు. కోట తలుపులు మూసుకున్నాయి.

"అయిపోయింది! ఇన్నాళ్ళు సంపాదించిన పేరంతా పోయింది!" సుచరణ్ కంట్రోలర్ లాక్కున్నాడు. ఇందాకటి చోటికి వెనక్కి తీసుకెళ్ళే మీట ఒకటుంది. అది నొక్కితే నేను మళ్ళీ నిండుతాను, కోట తెరుచుకుంటుంది. అతని బొటనవేలు దాని మీదే ఉంది.

"నొక్కితే తేనె కూడా వెనక్కొచ్చేస్తాది కదండీ," అంది మేదిని, చిన్నగా.

నేను ఎంతో మంచితనాన్ని కొలిచాను. అదంతా నేను కొలుస్తున్నానని తెలిసి చేసినదే. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదన్న మర్యాదకు ఎన్ని మార్కులో నన్ను చేసినవాళ్ళకు తట్టనే లేదు. నిజానికి ఎక్కడా లేని ఒక అవ్వ కోసం, నిజంగా ఉన్న ఒక అమ్మాయి బతిమాలుతోంది! నా పొడవంతా పులకరించింది. ఆ ఎర్రరంగులోనే నిలబడి చూస్తూ ఉండిపోయాను.

సుచరణ్ ఆమె ముఖం చూశాడు. పొయ్యి పక్కనున్న గిన్నెను చూశాడు. బొటనవేలు తీసి, ఆటను ఉన్నదున్నట్టు భద్రపరిచే మీట నొక్కాడు.

"సర్లే దొంగమ్మా," అన్నాడు నవ్వుతూ. "రేపు ఆదివారమే కదా. టిఫిన్ తినేసి, మళ్ళీ మొదట్నుంచి మంచోళ్ళమైపోదాం."