దారం తెగిన చోట

పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, శ్రీకాకుళం కాలేజీలో తెలుగు చెప్పే నరసింగరావు, చనిపోయిన భావకవి కూర్మనాథం చిత్తుప్రతులు చూడడానికి పొందూరు వెళ్లాడు. పరిశోధన అన్నది పైకి చెప్పే మాట. ఆ ఏడే నాగావళిలో మునిగిపోయిన తన కూతురు నీలవేణి మీద ఒక్క కవిత రాయాలని అతని తపన. ఎంత రాసినా బొమ్మకు కట్టిన చీరలా ఉంటోంది. అంతటి కవికి మాట ఎలా పుట్టేదో ఆ నోటుపుస్తకాలు చెబుతాయని ఆశపడ్డాడు, పిచ్చివాడు.

పుస్తకాల నిండా కొట్టివేతలే. అవీ మంచి మంచి మాటల మీదే. 'ప్రణయాధిదేవత' కొట్టేసి పైన 'పిల్ల' అని రాశాడు కవి. ప్రాస చెడినా లక్ష్యపెట్టలేదు. ఏ ఛందస్సుతో చూసినా ఆ గీతలకు అర్థం దొరకలేదు.

కవి భార్య లక్ష్మణమ్మ వసారాలో రాట్నం తిప్పుతోంది. పెళ్లినాటికే ఆమెకు బ్రహ్మచెవుడు. కొట్టివేతలు చూపించి సైగ చేస్తే చెప్పింది.

"ఆయన నా పక్కన కూకుని సదివీవోడు బాబూ. నాకేటి ఇనబడతాది? దారం తెగితే సాలు, ఆ మాట మీద గీత కొట్టీవోడు."

నరసింగరావుకు నవ్వొచ్చింది. అయినా ఆమె పక్కన చతికిలబడి తన కవిత తీశాడు. 'ఓ అమృతమూర్తీ' అన్నాడు. దారం పుటుక్కున తెగింది. ఆమె అతికించుకుంది. 'దివ్యలోక విహారిణీ' అన్నాడు. మళ్లీ తెగింది. దూది ఏకు మంచిదే, ఆమె చెయ్యి వణకలేదు, గాలి కూడా లేదు. అయినా చదవడం ఆపలేదు. చదివిన ప్రతి మాటకీ దారం తెగిపోతుంటే చివరికి కవితలో ఒక్క ముక్క మిగల్లేదు.

కాగితం విసిరేశాడు. ఏడుపు ఆగలేదు. పుస్తకాల భాష ఎటు పోయిందో గానీ, నోటికి ఇంటి మాటే వచ్చింది.

"నీలా, నీ గౌను ఇంకా దండెం మీదే ఉన్నాదే. తియ్యలేకపోతన్నానే."

దారం తెగలేదు. సన్నగా, పొడుగ్గా వస్తూనే ఉంది.

లక్ష్మణమ్మ చెయ్యి ఆపి, అతని వెనకాల ఖాళీ వాకిలి వైపు చూసింది.

"ఎవులో ఆడపిల్ల 'నాన్నా' అంటన్నాది. సెవిటిదాన్ని, నాకే ఇనబడతన్నాది. పలకవేటి బాబూ?"

నరసింగరావు ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించాడు. అతనికి ఏమీ వినబడలేదు.