కట్టు కింది చిగురు

అంటు కట్టిన పుల్ల ఇంత తేలిగ్గా ఎందుకుంది అనుకున్నాడు ప్రభుదాసు, విప్పిన ప్లాస్టిక్ రిబ్బను ఇంకా వేలికి చుట్టుకునే ఉంది, పుల్ల మాత్రం టెంక మొక్క చీలికలోంచి జారి అరచేతిలోకి వచ్చేసింది, చెక్కిన వైపంతా నలుపు, మరి ఈ పదకొండు ఆకులు ఎక్కడివి, వంగి చూస్తే కట్టుకి రెండు వేళ్ల కింద పుట్టి పుల్లని ఆనుకుని పైకెక్కిన కొమ్మవి, అంటే ఇది తమ్ముడి చెట్టు కాదు, పిడుగురాళ్ల బస్టాండులో రసం బండివాడు పారేసిన టెంక మొలిచింది, మూడు నెలలుగా తను నీళ్లు పోసింది దీనికి, శావల్యాపురం చేలో తమ్ముడు మధుబాబు పెంచిన మామిడిని చేను కొన్నవాళ్లు కొట్టించే ముందు రోజు ఐదు పుల్లలు కోసి తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు, నాలుగు పుల్లలు వారంలోనే ఎండాయి, ఇది ఐదోది, ఆ చెట్టుది ఇక ఎక్కడా ఏమీ లేదు.

బెల్లంకొండ నర్సరీ బాజీ చెప్పనే చెప్పాడు, అన్నా, కట్టు కింద చిగురొస్తే గిల్లెయ్, కనికరం చూపిచ్చావా పుల్లకి పాలు పోనియ్యదు, మొదటిసారి గిల్లాడు, రెండోసారి గిల్లాడు, నాలుగూ ఎండిన తరవాత మూడోసారి వచ్చినప్పుడు చెయ్యి రాలేదు, కుండీలో పచ్చగా ఉన్నది అదొక్కటే, ఉండనీ అనుకున్నాడు, అది పుల్లని కప్పేశాక పుల్లదేనని నమ్మాడు, కాటా దగ్గర సున్నపురాయి లారీలు తూచి ఇంటికొచ్చి అదే చూసుకునేవాడు, ఆదివారం ఆదివారం తమ్ముడి కూతురు తేజస్వి ఫోన్, ఏంది పెదనాన్నా, మా నాయనకి ఒంట్లో ఎట్టా ఉంది అని మొక్క సంగతి అడిగి నవ్వేది, పచ్చగా ఉన్నాడమ్మా అని తనూ నవ్వేవాడు, నరసరావుపేటలో ఇల్లు కట్టుకుని వాకిట్లో గొయ్యి కూడా తీయించింది, ఇవాళ చర్చి అవగానే బయల్దేరి వచ్చి మొక్కని తీసుకుపోతానంది.

భార్య హన్నమ్మ వచ్చి చూసింది, చేతిలో పుల్ల, కుండీలో ఆకులు, ఆమెకి చెప్పనక్కర్లేకపోయింది, మళ్లీ పెట్టి కట్టెయ్యయ్యా, ఎవురికి తెలుసుద్ది, కాయ కాసేనాటికి మనం ఉంటామా ఏందా అంది, రిబ్బను వేలి మీదే ఉంది, నాలుగు చుట్లు చుడితే అయిపోతుంది, కాయ కాసేదాకా విప్పొద్దమ్మా అని చెప్పొచ్చు, ఆ పిల్ల నమ్ముతుంది, తను ఏం చెప్పినా నమ్ముతుంది, వాళ్ల నాయన్ని లారీ గుద్దిన రోజు కూడా నమ్మింది, అప్పుడు విజయవాడలో పని చేసేది, తమ్ముడి మీద దుప్పటి కప్పేశాక ఫోన్ చేసి, కాలు విరిగిందమ్మా, ఆసుపత్రిలో ఉన్నాడు, రా అని పెట్టేశాడు, మూడు గంటలు బస్సులో వచ్చింది, దిగి బత్తాయిలు కొనుక్కుని వచ్చింది, ఏ వార్డు పెదనాన్నా అంది, బత్తాయిలు ఎవరు తిన్నారో గుర్తులేదు, నెల తరవాత ఒక్కసారి అడిగింది, ఎందుకట్టా చెప్పావు అని, ఒక్కదానివి బస్సులో ఎట్టా వస్తావోనని తల్లీ అన్నాడు, అందరూ అలాగే చెబుతారు కదా అన్నారు చుట్టాలు, తనూ నిన్నటిదాకా అదే అనుకున్నాడు.

చర్చి పదకొండున్నరకి వదులుతారు, ఇప్పుడు పదకొండూ ఇరవై, హన్నమ్మ రిబ్బను కోసం చెయ్యి చాపింది, ఆగవే అన్నాడు, ఆ పిల్ల బస్సులో ఏమైపోతుందోనని కాదు ఆ రోజు తను అలా చెప్పింది, చచ్చిపోయాడు అంటే అవతల పుట్టే ఏడుపు తన చెవిన పడుతుందని, పడకూడదని, అందుకే కాలు అన్నాడు, అందుకే వెంటనే పెట్టేశాడు, ఆ అబద్ధం తేజస్వి కోసం కాదు, తన కోసం, ఇప్పుడు ఈ రిబ్బను చుట్టినా అంతే.