ఆరు చెక్కల నీళ్ళు

బెల్మిరా ఫోన్తెస్‌కి కోపం రావడం అరుదు. వస్తే మాత్రం నోటికన్నా ముందు నడక చెప్పేస్తుంది. ఆ అక్టోబరు ఉదయం ఆవిడ మడి గట్టు మీద నడుస్తున్న తీరు చూసి, అక్క కొడుకు అడిల్సన్ తాగుతున్న కాఫీ పక్కన పెట్టేసి వెనకాలే బయల్దేరాడు.

కోపం మరి ఊరికే రాలేదు. క్రాన్‌బెర్రీ పళ్ళ మడి అంతా నీళ్ళు నిండినా ఉత్తరపు మూల మాత్రం మునగలేదు. తీగలు తలలు పైకి పెట్టుకుని అలాగే ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే పళ్ళు రాల్చే బండి వస్తుంది. ఒకసారి వచ్చి వెళ్ళిందంటే మళ్ళీ ఆ ఏడు రాదు. రాలిన పండు నీళ్ళలో తేలితేనే చేతికొస్తుంది. ఆ మూల మునగకపోతే అక్కడి కాపంతా తీగకే కుళ్ళిపోవాలి.

అది చాలదన్నట్టు గట్టుకి అవతల పక్క రైతు తోయివో రంతల మడి కాలవల్లో నీళ్ళు తళతళలాడుతున్నాయి.

తోయివో, బెల్మిరా ఒకే చెరువు నీళ్ళు పంచుకుంటారు. నీళ్ళు ముందు ఆవిడ మడికొస్తాయి. కోత అయ్యాక తూములో ఒకదాని మీద ఒకటి అడ్డుపెట్టిన చెక్కలు తీసేస్తే అవే నీళ్ళు అతని మడిలోకి దిగుతాయి. "ఆరు చెక్కలు నీకు, మీద పొర్లింది నాకు" అన్నది ఇద్దరి మాట. బెల్మిరా మామగారి రోజుల నుంచీ అదే మాట. దానికి కాగితమూ లేదు, సాక్షీ లేదు. మడి నిండి ఆరో చెక్క మీంచి పొర్లినప్పుడే తోయివో కాలవ తడవాలి. ఇక్కడ మూల ఎండి ఉంటే అక్కడ కాలవ ఎలా నిండింది?

"కొత్త తూముకి ఇదే మొదటి కోత, అప్పుడే చెయ్యి పెట్టాడు," అంది బెల్మిరా.

"పిన్నీ, ముందు చెక్కలు లెక్కపెట్టు."

"లెక్కేముంది. చెక్క తియ్యడం వచ్చినవాడికి తిరిగి పెట్టడం రాదా?"

పాత తూము మామగారు పెట్టించిన ఓక్ చెక్కది. మనుషుల్లాగే తూములూ ముసలివవుతాయి, కాకపోతే అవి మూలగవు, కారతాయి. నీటి ఎలుకలు పక్కనంతా తవ్వేశాయి. ఏటా రంపపు పొట్టు గుమ్మరించి కంతలు పూడ్చుకుంటూ వచ్చారు. ఈ వసంతంలో ఒక పక్క కుంగిపోయేసరికి ఇద్దరూ కలిసి దాన్ని తవ్వించి అల్యూమినియం తూము దింపించారు. పాత చెక్కలు కొత్త గాడుల్లో పట్టలేదు, అంత మందం. అడిల్సన్ వెళ్ళి బజారు నుంచి చెక్కలు తెచ్చాడు.

వీళ్ళు తూము దగ్గరకొచ్చేసరికి తోయివో తొడల దాకా రబ్బరు బూట్లు వేసుకుని అవతలి గట్టెక్కాడు. మనిషి పొడుగు, మాట పొట్టి.

"ఏం బెల్మిరా, పొద్దున్నే గట్టు అదరగొడుతున్నావు."

"నీ కాలవలో నీళ్ళెక్కడివి?"

"నీ తూము మీంచి పొర్లాయి."

"నా మడి నిండకుండానే? వాటికంత తొందరేమొచ్చింది?"

"ఆ సంగతి నీళ్ళనే అడగాలి."

"నిన్నే అడుగుతున్నా తోయివో. ఓ చెక్క లేపావా?"

తోయివో టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "లెక్కపెట్టు," అన్నాడు.

బెల్మిరా మోకాళ్ళ మీద కూర్చుని కొక్కెం కర్రతో పైనుంచి ఒక్కొక్క చెక్కా తడుముతూ పోయింది. సరిగ్గా ఆరు. మళ్ళీ తడిమింది. మళ్ళీ ఆరే. ఆరో చెక్క మీంచి నీళ్ళు పల్చగా, తీరిగ్గా అవతలికి జారుతున్నాయి.

కొక్కెం కర్ర వదిలి, గట్టు పక్కన పడేసిన పాత చెక్కల మీద చతికిలబడింది. అడిల్సన్ తెచ్చినవాటిలో మిగిలిన కొత్త చెక్క ఒకటి అక్కడే ఉంది. ఎప్పుడూ ఏదో ఒక పని చేసే చేతులు కదా, ఊరుకోవు. పాత చెక్క అంచునీ కొత్త చెక్క అంచునీ పక్కపక్కన పెట్టి నిమిరింది. వేలు పాతదాని మీదనుంచి కొత్తదాని మీదకి జారి కిందికి దిగింది.

"అడిల్సన్, ఇది ఆరంగుళాలేనా?"

"ఆరే అడిగాను పిన్నీ. కొట్టువాడు ఆరంగుళాలదనే ఇచ్చాడు."

తోయివో జేబులోంచి టేపు తీసి కొలిచాడు. పాతది నిండు ఆరంగుళాలు. కొత్తది అయిదున్నర. వెనకటి కోతమిల్లులో పేరెంతో చెక్కా అంతే ఉండేది. ఇప్పుడు చిత్రిక పట్టి, అర అంగుళం చెక్కేసి, పేరు మాత్రం పాతదే ఉంచుతున్నారు. ఆరు చెక్కలకీ కలిపి మూడంగుళాల నీళ్ళు పోయాయి. ఉత్తరపు మూల మునగడానికి తక్కువైనవీ ఆ మూడంగుళాలే.

"ఎవరూ అబద్ధమాడలేదు," అంది బెల్మిరా మెల్లగా. "చెక్కే ఆడింది." తర్వాత తలెత్తి, "తోయివో, ఇందాక నేనన్న మాట..."

"నాకేం వినపడలేదు. ఎడమ చెవి పనిచెయ్యదు."

"నేనన్నది కుడి చెవి వైపు."

"అదీ అంతంతమాత్రమే." మిగిలిన చెక్క ఎత్తి ఆవిడ ముందు పెట్టాడు. "ఇది కూడా దింపు. ఏడు అనుకుందాం."

బెల్మిరా చెక్క అందుకోలేదు. "ఏడు దింపితే నాకు రెండున్నర అంగుళాలు ఎక్కువొస్తాయి. చెరువు ఈ ఏడు అసలే లోతు లేదు. అవి నీవి."

"ఆ కాస్తకి..."

"ఆ కాస్తకే కదా పొద్దున్న నిన్ను దొంగని చేశాను."

తోయివో నవ్వాపుకోలేక మొహం అటు తిప్పుకున్నాడు. అడిల్సన్ ఇంటికి పోయి చెక్కని నిలువునా మూడంగుళాలకి కోసి తెచ్చాడు. తోయివో దాన్ని గాడిలోకి దింపి, బూటుకాలితో తొక్కి కూర్చోబెట్టాడు. అవతలి కాలవలోకి జారే నీళ్ళు సన్నబడి, చుక్కలై, ఆగాయి. ఆ ముక్క నీళ్ళకి ఉబ్బుతుందని, మరీ బిగించవద్దని బెల్మిరా ఒకటికి రెండుసార్లు చెప్పింది. వినపడలేదన్నాడతను.

మధ్యాహ్నానికి నీళ్ళు మూలకి పాకాయి. సాయంత్రానికి తీగల తలలు ఒక్కొక్కటే మునిగాయి. గట్టు మీద ఇద్దరూ నిలబడి చూశారు.

"అయితే మన మాటేమిటి ఇకమీదట?" అన్నాడు తోయివో.

"ఆరున్నర," అంది బెల్మిరా.

"ఆరున్నర చెక్కలు నీకు," అన్నాడతను, కొత్త మాట నోటికి పట్టించుకుంటున్నట్టు. "మీద పొర్లింది నాకు."