ఇసక దాటాక గాలి

మా చెల్లెలు మాధవి మొగుడు దుర్గాశ్రీనివాస్ పోయి నాలుగు నెలలవుతోంది. చల్లపల్లి దాటాక ముందు టైరు పేలి, చేపల లోడుతో పికప్పు పంటకాలవలో పడింది. తర్వాత బండి బాగుచేయించారు. రంగు కూడా వేయించారు. కానీ పాకలోంచి కదల్లేదు. మాధవి మావగారు నాంచారయ్య కదలనివ్వలేదు.

మాధవి ఒడ్డున వేలంలో చేప పాడుకుని గుడివాడ మార్కెట్టుకి వేస్తుంది. బండి లేక ఆటోల వెంట తిరుగుతోంది. ఆటోలో పట్టే చేపతో ఇల్లు గడవదు. నేను తోలతానన్నాను. నాంచారయ్య మావయ్యది ఒకటే మాట.

"పేలని టైరు చూపించండి. అప్పుడు చూద్దాం."

టైర్లు చూడ్డానికి, ఖాళీ బండే కదా అంటే గుడివాడ దాకా సరేనన్నాడు. ముందు చక్రానికి స్టెప్నీ వేసి మెల్లగా తోలుకొచ్చాను. మాధవి నా పక్కన కూర్చుంది. క్యాబిన్లో ఇంకా చోటున్నా ఆయన ఎక్కలేదు. పేలిన టైరు వెనక వేయించి, దాని పక్కనే కూర్చున్నాడు.

టైర్ల షాపాయన పేరు డేవిడ్ రాజు.

"ఏం లోడండీ?"

"చేపా, ఐసూ."

"ఎంత?"

"పట్టినంత."

నవ్వాడు. "బండిచ్చినోడు టన్నున్నర అంటాడు, తోలేవోళ్లు పట్టినంత అంటారు. మజ్జిన నలిగేది టైరు."

మూడు రకాలు దొర్లించుకొచ్చాడు. నేలని పట్టే బటన్లు పెద్దగా ఉండేది బురదకీ ఇసకకీ బాగుంటుందట, తారు మీద లోడుతో తిరిగితే వేడెక్కి తొందరగా అరుగుద్దట. నిలువు గీతలది తారుకి మంచిది, ఇసకలో పట్టదు. మూడోది పక్క గోడలు మందం, బటన్లు మధ్యరకం. "బరువుకి ఆగేది ఇదేనండీ. డీజిలు కాస్త తాగుద్ది."

మావయ్య వంగి ఆ మూడోదాని గోడని బొటనవేలితో నొక్కి చూశాడు. చేప మెత్తబడిందో లేదో చూసేటప్పుడు అలాగే నొక్కుతాడు.

"ఇది పేలదా?"

"పేలదని రాసివ్వలేను బాబాయ్ గారూ. అట్టా రాసిచ్చేవాడి దగ్గర మీరు కొనకండి."

మావయ్య బండి దగ్గరికెళ్లి పేలిన టైరు దించుకొచ్చాడు. నేను సాయం పట్టబోతే వద్దన్నాడు.

"మరి ఇదెందుకు పేలింది? పాతదానికి కొత్త బటను అతికించిన రీబటన్ టైరు. చవగ్గా వస్తందని బందర్లో నేనే కొన్నా. మావాడు వద్దన్నాడు."

ఆ మాట మేం అంతకుముందు వినలేదు. మాధవి ఆయనకేసి చూసి, మళ్లీ రోడ్డుకేసి చూసింది.

డేవిడ్ రాజు టైరు తిప్పి చూశాడు. లోపల చెయ్యిపెట్టి తీస్తే అరచేతి నిండా నల్లటి పొడి.

"పైన అతికించిన బటనేం ఊడలేదండీ. గోడ చిరిగింది. గాలి తక్కువ మీద, లోడుతో శానా దూరం తోలారు. నలిగి నలిగి లోపల రబ్బరు పిండయింది. కొత్తదైనా ఇంతే." చెయ్యి గుడ్డకి తుడుచుకుంటూ అడిగాడు. "ఇసకలోకి దింపుతారా బండిని?"

దింపుతాం. మా ఒడ్డున పడవల దాకా వెళ్లాలంటే టైర్లలో సగం గాలి తీసెయ్యాలి. లేకపోతే కూరుకుపోద్ది. లోడు వేసుకుని తారెక్కగానే పంచరు షాపులో మళ్లీ కొట్టించుకోవాలి. ఆ షాపాయన ఆదివారం చర్చికెళ్తాడు. ప్రార్థన అయ్యాకే తలుపు తీసేది. చేపకి గిరాకీ కూడా ఆదివారమే. బండి కాలవలో పడిందీ ఆదివారమే. దుర్గాశ్రీనివాస్ దారిలో అవనిగడ్డలో కొట్టించుకుందాంలే అనుకుని ఉంటాడు. అక్కడా ఆగినట్టు లేదు.

"ఆదివారం షాపు తీయడు గదన్నయ్యా," అంది మాధవి.

మావయ్య టైరునే చూస్తున్నాడు.

"అయితే నేను కొన్న టైరు వల్ల కాదు."

"కాదు బాబాయ్ గారూ."

ఆయన మొహం కాస్త తేలికపడుతుందనుకున్నాను. ఏం మారలేదు. అక్కడున్న టైర్ల దొంతి మీద కూర్చున్నాడు. టీ తెప్పించారు. తాగాడు. గ్లాసు కింద పెట్టి, "వాడికి ఎప్పుడూ తొందరే," అన్నాడు.

"వేసెయ్యండి," అన్నాడు చివరికి. "ఆ మందంవి. గాలి కొట్టే మిషను బండిలో పెట్టుకునేది ఉందా?"

"బ్యాటరీకి తగిలించేది ఉందండీ. అయితే నిదానం. నాలుగిటికీ కలిపి అరగంట పడుద్ది."

"పడనీ. నేనూ వస్తా బండి మీద. ఆ పని నాది."

మాధవి కొంగు ముడి విప్పి డబ్బు తీసింది. సంతోషించిందో లేదో నాకు తెలీలేదు.

మొదటి లోడు ఆదివారమే పడింది. పండుగప్ప బాగా దొరికింది. మాధవి గొంతు పోయేలా పాడి రెండు పడవల చేప తీసుకుంది. ఇసక దాటి తారెక్కగానే మావయ్య ఆపమన్నాడు. పంచరు షాపు మూసి ఉంది. ఆయన దిగి గొట్టం తగిలించి ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. మిషను గీపెట్టడం మొదలెట్టింది.

వెనకొచ్చిన బండ్లన్నీ మమ్మల్ని దాటి వెళ్లిపోయాయి. ఒకడు తల బయటపెట్టి అరిచాడు. "ఏం మావా, బండికి పాలు పడుతున్నావా? తేన్పులు తీసిందాకా ఆగుతావా?"

మావయ్య తలెత్తలేదు. రెండో చక్రానికి జరిగాడు. ట్రేల కిందనుంచి ఐసు నీళ్లు కారి ఆయన లుంగీ అంచు తడుస్తోంది.

"మార్కెట్టు అయిపోద్ది మావయ్యా," అంది మాధవి కిటికీలోంచి.

"అయిపోనీయమ్మా."

నేను ఇంజను ఆపకుండా, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. ఆయన మూడో చక్రం దగ్గరికి వెళ్లాడు.