గోడ రుచి

కూర దించి, అందులో సగం చిన్న గిన్నెలోకి తీశాడు ఇమాం సాహెబ్. భార్య షంషున్నీసా పోయాక కూడా అతని చెయ్యి ఇద్దరికి సరిపడా వండడం మానలేదు. మిగిలేదాన్ని పక్కింటి రత్నమాణిక్యానికి ఇవ్వడం అలవాటు చేసుకున్నాడు. రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ ఉంది. గిన్నె దాని మీద పెట్టి పిలిస్తే ఆవిడ వచ్చి తీసుకుంటుంది. సాయంత్రం కడిగిన గిన్నె అదే చోట ఉంటుంది.

"నిన్నటి కూర ఎలా ఉందమ్మా?" అన్నాడు ఆ పొద్దున.

"బాగుందండీ," అంది ఆవిడ, ఎప్పటిలాగే.

చిన్న సుత్తి, ఉలి తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. సన్నగా పొడుగ్గా ఉండే మనిషి. సున్నం, సిమెంటు తిన్న వేళ్ళ చివర్లు పగిలి గట్టిపడ్డాయి. ఎడమచేతి బొటనవేలి గోరు ఎప్పుడో ఇటుక పడి నల్లబడిపోయి అలాగే ఉండిపోయింది. ఏలూరులో చాలా ఇళ్ళు అతని చేతి మీద లేచాయి. మోకాళ్ళు పరంజా ఎక్కనివ్వకపోయాక, కొనేవాళ్ళ తరఫున ఇళ్ళు చూసి పెట్టడం మొదలుపెట్టాడు. ఇల్లు చూసే సాయిబంటే ఇటు గూడెం దాకా, అటు కైకలూరు దాకా తెలుసు.

పాత బస్టాండు దగ్గర జగ్గారావు, అతని భార్య మంగాయమ్మ ఎదురుచూస్తున్నారు. కొల్లేరులో చెరువు కౌలుకు తీసుకుని చేపలు పెంచినవాళ్ళు. ఆ వేసవిలో ప్రభుత్వం చెరువుల గట్లు కొట్టేయించింది. మిగిలినదంతా కూడేసి, మంగాయమ్మ నగలు కూడా అమ్మి, కలిదిండిలో చిన్న డాబా కొందామనుకుంటున్నారు. అక్కడే ఆవిడ తమ్ముడి కొట్లో జగ్గారావు పనికి కుదిరాడు.

బస్సు కొల్లేటి మధ్య నుంచి వెళ్తోంది. తెగిన గట్లు నీళ్ళలోంచి ముక్కలు ముక్కలుగా కనబడుతున్నాయి. జగ్గారావు అటు చూడడం లేదు.

"మేస్త్రీ గారూ, మీ రేటు చెప్పనేలేదు," అన్నాడు.

"ఇల్లు తెలియకుండా రేటెలా చెబుతానండీ? పెంకుటిల్లయితే వాసాలు చూడాలి. మేడయితే మెట్లెక్కాలి, దానికి మోకాళ్ళ ఖర్చు వేరే. ఏలూరులో అయితే సైకిలు మీద వెళ్ళొచ్చేస్తాను. కలిదిండంటే రోజు పోతుంది. పైగా చెరువుల నేల, పునాది పక్కన తవ్వి చూడాలి."

"అన్నీ కలిపి చెప్పండి."

"మీరే ఉంటారా, అద్దెకిస్తారా?"

"మేమే ఉంటామండీ. ఇంకెక్కడుంటాం?"

"అయితే మూడొందలివ్వండి. అద్దెకయితే ఐదొందలు."

"అదేంటండీ, ఉండేవాడికి తక్కువా!"

"అద్దె తినేవాడికి గోడ పడినా నిద్ర పడుతుందండీ."

జగ్గారావు నవ్వాడు. "గేదెను కొన్నప్పుడు పళ్ళు చూసినవాడు యాభై తీసుకున్నాడు. మర్నాడే తన్నింది."

"పళ్ళతో తన్నిందేంటి?" అంది మంగాయమ్మ ముందు సీట్లోంచి. "కాళ్ళు చూడమని నువ్వు చెప్పలేదుగా."

ఇమాం సాహెబ్ డబ్బు ముందే తీసుకుంటాడు. చూశాక తీసుకుంటే, ఇచ్చేవాడి మొహాన్ని బట్టి మాట వంకర పోతుందని అతని భయం.

లేతాకుపచ్చ రంగు కొత్తగా వేసిన రెండు గదుల డాబా అది. యజమాని ముందురోజే తాళం ఇచ్చి పంపాడు. బయానా తీసుకోవడానికి మధ్యాహ్నం కాగితాలతో వస్తానన్నాడు. ఇమాం సాహెబ్ గోడలు సుత్తితో కొడుతూ చెవి ఆనించి విన్నాడు. డాబా ఎక్కి చెంబుడు నీళ్ళు పోసి, అవి ఎటు పారుతున్నాయో చూశాడు. గునపం అడిగి తెచ్చుకుని పునాది పక్కన తవ్వాడు. మంగాయమ్మ అప్పటికే వంటగదిలో నిలబడి, పొయ్యి ఎక్కడ పెట్టాలో చేత్తో కొలుచుకుంటోంది.

చివరగా తలుపు వెనక, రంగు కుంచె సరిగా అందని చోట, ఉలితో చిన్న పెచ్చు లేపి నాలుకకు తగిలించాడు. రొయ్యల చెరువులు వచ్చాక అటువైపు చాలా బోర్లలో నీళ్ళు ఉప్పెక్కాయి. ఆ నీళ్ళతో కలిపిన సిమెంటు ఒకటి రెండేళ్ళు బాగానే ఉంటుంది. ఆ తర్వాత లోపల ఇనుము తుప్పుపట్టి, శ్లాబు పెళ్ళలుగా ఊడుతుంది. పైన రంగేస్తే కంటికి తెలియదు, సుత్తికీ తెలియదు. నాలుకకే తెలుస్తుంది. పని నేర్పిన ముసలి మేస్త్రీ నేర్పిన పద్ధతి అది.

పెచ్చు చప్పగా, మట్టిలా ఉంది.

"బాగుందండీ. తీసుకోవచ్చు," అన్నాడు.

మంగాయమ్మ గోడ మీద ఒకసారి అరచెయ్యి ఆనించింది.

అరుగు మీద కూర్చుని, ఆవిడ క్యారేజీ విప్పి ముగ్గురికీ వడ్డించింది. ఎవరైనా ఎదురుగా కూర్చుని వడ్డిస్తే తిని చాలాకాలమైంది. ఇమాం సాహెబ్ తలవంచుకుని ఇష్టంగా తింటున్నాడు. జగ్గారావు మొదటి ముద్దకే ఆగాడు.

"పప్పులో ఉప్పు మరిచిపోయావా, బస్సు ఖర్చు కింద తగ్గించావా?"

మంగాయమ్మ నోట్లో పెట్టుకుని నాలుక కరుచుకుంది. "అయ్యో, తెల్లారే బస్సని తొందరలో వెయ్యనే లేదు. ఏవండీ సాయిబు గారూ, మీరైనా చెప్పొద్దా? మొహమాటానికి సగం తినేశారే!"

"మొహమాటం కాదమ్మా," అన్నాడు అతను. ఇంకో ముద్ద పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు. అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

లేచి చెయ్యి కడుక్కున్నాడు. తలుపు వెనక్కి వెళ్ళి, ఇంకో పెచ్చు లేపి, ఈసారి చాలాసేపు నాలుక మీద ఉంచుకున్నాడు. ఏమీ తెలియలేదు. వీధిలో ఎవరూ లేరు. యజమాని ఇంకా రాలేదు. మూడొందలు జేబులో ఉన్నాయి. చెప్పిన మాట చెప్పినట్టే ఉంటే ఎవరికీ ఏమీ తెలియదు, గోడలు పెచ్చులూడే దాకా.

"అమ్మా, ఇలా రండి. ఇది కొంచెం నాలుకకి తగిలించండి."

"గోడనా!"

"పప్పులో లేనిది అందులో ఉందేమో చూడవే," అన్నాడు జగ్గారావు అరుగు మీంచి.

ఆవిడ కొంగుతో తుడిచి, నాలుక చివర ఆనించింది. మొహం ముడుచుకుంది.

"ఉప్పండీ," అంది. "ఉప్పే."

జగ్గారావు నవ్వు ఆగిపోయింది.

ఇమాం సాహెబ్ నోట్లు తీసి క్యారేజీ పక్కన పెట్టాడు. "కొనకండి. ఇందాక నేను చెప్పింది తప్పు. నా నోటికి రుచి పోయింది."

"ఎన్నాళ్ళయిందండీ?" అంది మంగాయమ్మ మెల్లగా.

"తెలీదమ్మా. ఒక్కణ్ణే తింటాను కదా."

జగ్గారావు ఎంత చెప్పినా ఇమాం సాహెబ్ ఆ డబ్బు తిరిగి తీసుకోలేదు. సంచి సర్దుకుంటూ, ఆ పెచ్చును మాత్రం జేబులో వేసుకున్నాడు.

ఏలూరు చేరేసరికి పొద్దు వాలింది. కడిగిన గిన్నె గోడ మీద ఉంది. రత్నమాణిక్యాన్ని పిలిచాడు.

"నిజం చెప్పమ్మా. కూరలో ఉప్పు ఎలా ఉంటోంది?"

ఆవిడ కొంగు సర్దుకుంటూ నిలబడింది. "ఒకరోజు అసలుండదండీ. ఒకరోజు రెండుసార్లు పడుతుంది. ఆవిడ పోయిన బాధలో ఉన్నారు, మళ్ళీ ఇదొకటి ఎందుకని..."

"ఎప్పటి నుంచి?"

"చాలా రోజులైందండీ."

ఆ తర్వాత అతను కొత్త ఇల్లు ఏదీ చూడలేదు. షంషున్నీసా పోయాక తాను బాగుందని చెప్పిన ఇళ్ళకు మాత్రం ఒక్కొక్కదానికీ సొంత ఖర్చుతో తిరిగి వెళ్ళాడు. గుండుగొలను, తణుకు, గూడెం. తలుపు వెనక పెచ్చు లేపి, ఇంటి ఇల్లాలికిచ్చి రుచి చూడమనేవాడు. అందరూ కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, "ఉప్పేం లేదండీ, ఇల్లు బాగుంది," అన్నారు. ఉన్నమాటే చెప్పారో, పెద్దాయన మనసు కష్టపెట్టడం ఎందుకని అన్నారో తెలుసుకునే దారి అతనికి లేదు. ప్రతిచోటా మాసిక వేసి, దణ్ణం పెట్టి వచ్చేవాడు.

కూర ఇవ్వడం మానేశాడు. రత్నమాణిక్యమే పంపుతానంటే, వద్దమ్మా అన్నాడు.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున ఇమాం సాహెబ్ ఇంటి తలుపు తెరుచుకోలేదు. మధ్యాహ్నం ఆవిడ పక్కవాళ్ళను పిలిచి తలుపు తీయించింది. మంచం మీద గోడవైపు తిరిగి, నిద్రపోతున్నట్టే ఉన్నాడు.

గూడెం నుంచి తమ్ముడి కొడుకు ఫిరోజ్ వచ్చి జరగవలసినవి జరిపించాడు. సుత్తి, ఉలి తీసుకున్నాడు. సామాను బండికెత్తించి, తాళం చెయ్యి రత్నమాణిక్యానికిచ్చి వెళ్ళాడు.

ఇల్లు ఊడవడానికి వెళ్ళినప్పుడు, మంచం ఉన్న చోట, పడుకున్న మనిషికి చెయ్యందేంత దూరంలో కిటికీ గట్టు మీద ఆవిడకు ఒక పెచ్చు కనబడింది. ఒకవైపు లేతాకుపచ్చ రంగు, రెండోవైపు తెల్లగా పూసిన ఉప్పు. ఒక్క మూల మాత్రం, రోజూ నాలుక తగిలి తగిలి, నున్నగా అరిగి ఉంది.